ఏమిచ్చారంట?

మా కడప, కర్నూలు వైపు ఎవరైనా పెద్దయ్యాక క్రైస్తవంలో చేరారని తెలిస్తే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఏమిచ్చారంట?" ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గరా అదే ప్రశ్న, కాకపోతే ఇంగ్లీషులో.

నేను క్రైస్తవుణ్ణి కాను. క్యాథలిక్ అమ్మాయిని ప్రేమించిన మా కాలేజీ మిత్రుడొకడు "రెండు వారాల్లో జ్ఞానస్నానం సర్టిఫికెట్ వస్తాదేమో కనుక్కో సామీ" అంటే ఇవన్నీ తెలుసుకున్నా. రాదు. అసలు పెళ్ళి కోసం మతం మారక్కర్లేదు కూడా. బిషప్ గారి అనుమతితో వాడు వాడి మతంలోనే ఉండి చర్చిలో పెళ్ళి చేసుకోవచ్చు.

నిజంగా చేరాలనుకునే వాళ్ళకైతే దారి పొడుగే. తొలి శతాబ్దాల్లో ఉండి తర్వాత మరుగున పడ్డ పద్ధతిని తిరిగి తెమ్మని రెండో వాటికన్ మహాసభ 1963లో చెప్పింది. 1972లో దాని క్రమం వెలువడింది. ముందు ఊరికే అడిగి తెలుసుకోవడం. తర్వాత అందరి ముందూ జ్ఞానస్నానార్థిగా చేరడం. ఆపైన ఉపదేశి దగ్గర పాఠాలు, ప్రార్థనలు. నెలలు పట్టొచ్చు, ఏళ్ళూ పట్టొచ్చు. ఈస్టరుకు ముందొచ్చే తపస్సు కాలంలో మొదటి ఆదివారం పేరు నమోదు. 3, 4, 5 ఆదివారాల్లో ఆత్మపరిశీలన ప్రార్థనలు. చివరికి ఈస్టరు జాగరణ రాత్రి జ్ఞానస్నానం. దీనికి క్రాష్ కోర్సు లేదన్నమాట!

పల్లెల్లో అన్నీ ఇంత పద్ధతిగా జరుగుతాయని నేననను. కానీ ఈ ఆలస్యంలోనే మంచి ఉందంటాను. ఏ దశలోనైనా "నాకొద్దు" అని వెళ్ళిపోవచ్చు. ఆశ పెట్టో, భయపెట్టో మార్చాలనుకునేవాడు ఇంతకాలం ఆగడు.

ఇక ఇచ్చేదాని సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు. క్రైస్తవంలో చేరిన దళితుడు మన ఆంధ్రలో బీసీ-సీ అవుతాడు. 15 శాతం కోటా నుంచి 1 శాతానికి! దళిత కుటుంబం నుంచి వచ్చిన పూల ఆంథోనీ గారు 2008 నుంచి 2020 దాకా కర్నూలు బిషప్‌గా ఉన్నారు, 2022లో కార్డినల్ అయ్యారు. 2025లో పోపును ఎన్నుకున్న వాళ్ళలో ఆయనా ఒకరు. అదే కర్నూలులో క్రైస్తవ దళితుడు సర్కారు లెక్కలో ఎస్సీ కాదు. మతం మారితే ఊళ్ళో కులం పోతుందా? పోదని మనందరికీ తెలుసు.

అందుకే కొందరు ఆదివారం చర్చికి వెళ్తూ కాగితం మీద హిందువులుగానే ఉండిపోతారు. వాళ్ళని మోసగాళ్ళనడం తేలిక. జ్ఞానస్నానానికి సిద్ధమయ్యే ఆ ఏడాదిలో మనిషి తేల్చుకోవాల్సింది దేవుణ్ణి గురించి. కొడుకు ఇంజినీరింగ్ సీటు గురించి కూడా తేల్చుకోవాల్సి రావడం అన్యాయం కాదా? నమ్మకానికి అంత ఖరీదు పెట్టింది చర్చి కాదు, మన చట్టం. దాన్ని మార్చాలన్నది నా అభిప్రాయం.

అప్పటిదాకా "ఏమిచ్చారంట" అనేముందు "ఏం వదులుకున్నాడంట" అని కూడా అడుగుదాం. ఏమంటారు?