తప్పు చూసి ఊరుకోవడమూ తప్పే

అరకులో ఒక శిక్షణ శిబిరంలో యువ కార్యకర్త ఒకమ్మాయి నన్నడిగింది: "వాకపల్లి కేసులో పోలీసులు నిర్దోషులని తేలిందట కదా మేడమ్. అయితే ఆ ఆడవాళ్ళు చెప్పింది అబద్ధమేనా?" ఫోనులో ఎక్కడో చదివిన ఒక్క వాక్యం ఆమెను అక్కడికి చేర్చింది.

ఆ వాక్యం తప్పు కాదు, సగం. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు చెప్పారు. పదిహేనేళ్ళు దాటాక, 2023 ఏప్రిల్ 6న, విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది. దర్యాప్తు సక్రమంగా జరగలేదని అదే కోర్టు తప్పుపట్టింది, ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇవ్వాలనీ చెప్పింది. దర్యాప్తు విఫలమవడం వేరు, స్త్రీలు అబద్ధమాడడం వేరు. ఈ తేడా మనకు తెలుసు. తెలిసి ఎక్కడ రాశాం? మన నివేదికల్లో, మన పత్రికల్లో. మనమే రాసి మనమే చదువుకున్నాం.

ఇవాళ విద్యార్థీ, విలేఖరీ సమాచారం కోసం ముందు చూసే చోట్లలో వికీపీడియా ఒకటి. తెలుగులో అది 2003 డిసెంబరు నుంచీ వుంది. ఎవరైనా దిద్దవచ్చు. కానీ 2011లో వికీమీడియా ఫౌండేషన్ జరిపిన సర్వేలో, అక్కడ రాసేవాళ్ళలో స్త్రీలు పదిమందికి ఒకరు కూడా లేరు. ఆ "ఎవరైనా"లో మనం లేకపోతే ఈ కొండల గురించి జలపాతాలూ, బొర్రా గుహలూ, ధింసా నాట్యమే మిగులుతాయి. స్వతంత్ర ద్రావిడ భాష అయిన కువి ఒక "యాస" అయిపోతుంది. 1997 నాటి సమతా తీర్పు "గనుల నిషేధం"గా కుదించుకుపోతుంది. ఆ తీర్పు ఆపింది షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు ఇచ్చే లీజులను. ప్రభుత్వ సంస్థలకూ గిరిజన సహకార సంఘాలకూ దారి వుంచింది. ఈ మాట మనం కాక ఎవరు చెప్తారు?

"క్షేత్రంలో పని చాలక ఇదొకటా?" అంటారు కొందరు. క్షేత్రంలో వున్నవాళ్ళకే తప్పు కనిపిస్తుంది. నాలాంటి పరిశోధకులేమో అక్కడ రాయడం గౌరవానికి తక్కువనుకుంటాం. ఆ అహంకారం వదులుకోవాలి.

ఒక ఇబ్బంది నిజమే. అక్కడ ప్రచురితమైన ఆధారం కావాలి. కొండమీది ముసలమ్మ నోటితో చెప్పింది ఆధారంగా చెల్లదు. చదువు అందనివాళ్ళకు ఈ నియమం అన్యాయమని నేనూ అంటాను. దానితో పోట్లాడుతూనే, ఆమె మాటను ఆమె అనుమతితో మనం అచ్చు వేద్దాం. తీర్పుల ప్రతులు సంపాదిద్దాం. అత్యాచార బాధితుల పేర్లు మాత్రం ఎక్కడా రాయవద్దు. చట్టం ఒప్పదు, మనమూ ఒప్పకూడదు.

మీకు బాగా తెలిసిన విషయం మీద ఒక్క వ్యాసం తెరవండి. ఒక్క వాక్యం దిద్ది ఆధారం చూపండి. ఎవరైనా తీసేస్తే చర్చ పేజీలో కారణం అడగండి. ఆ అమ్మాయి అడిగింది కాబట్టి నేను జవాబు చెప్పగలిగాను. అడగకుండా నమ్మేసినవాళ్ళ మాటేమిటి?