బాక్స్ మీద 1000 వాట్లు, ప్లగ్ దగ్గర 58: అందుకే గ్రో లైట్ నేనే కట్టుకున్నాను

ఫోన్ బాక్స్ మీద 108 మెగాపిక్సెల్ అని రాసి ఉంటే మనం ఊరికే నమ్మం. సెన్సర్ సైజ్ ఎంత, రాత్రి ఫోటో ఎలా వస్తోంది అని అడుగుతాం. మరి మొక్కల లైటు దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుందో తెలీదు, "1000 వాట్స్, ఫుల్ స్పెక్ట్రమ్" అనే స్టిక్కర్ చూడగానే కార్ట్‌లో వేసేస్తాం. నేనూ అదే చేశాను.

మాది హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడే కనిపిస్తుంది. మే నెలలో ఊరెళ్లినప్పుడు అమ్మమ్మ తన పెరటి నాటు టమాటా విత్తనాలు పొట్లం కట్టి ఇచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఈ ఏడాది ఆవిడ తోట వేయలేదు. అంటే మిగిలిన విత్తనం మొత్తం నా దగ్గరే ఉంది. సగం గింజలు కిటికీ దగ్గర పోశాను. వారంలో మొలిచాయి, ఇంకో పది రోజులకి దారాల్లా సాగి పడిపోయాయి. వెలుగు చాలకపోతే మొక్క చేసే పని అదే: ఆకు, కాండం గట్టిపడకుండా వెలుగు కోసం పైకి సాగిపోతుంది.

అప్పుడు 2,400 రూపాయలు పెట్టి ఊదా రంగు ప్యానెల్ ఒకటి కొన్నాను. కొన్ని గింజలు దాని కింద పెట్టాను. మళ్లీ అదే కథ. అనుమానం వచ్చి ప్లగ్ వాట్ మీటర్ పెట్టి చూస్తే, ఆ 1000 వాట్ల ప్యానెల్ నిజంగా తీసుకుంటున్నది 58 వాట్లు. పైగా వాళ్ల కాగితంలో రాసినట్టే 60 సెంటీమీటర్ల ఎత్తులో వేలాడదీశాను. ఉన్న కాస్త వెలుగులో సగానికి సగం గోడలకే పోయింది.

యూఎస్‌బీ క్లిప్ లైట్ల సంగతి ఇంకా సులువుగా తేలిపోతుంది. 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ ఇవ్వగలిగేది 10 వాట్లు. దానితో నడిచే లైటు మీద "80 వాట్స్" అని ఉంటే మీటర్ కూడా అక్కర్లేదు, గుణింతం చాలు.

నా అభిప్రాయం ఇది: నారు పెంచడానికి గ్రో లైట్ అనే పేరున్న వస్తువు అవసరం లేదు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు తెల్ల ఎల్ఈడీ బ్యాటన్లు చాలు. చూడాల్సింది ఆకు మీద ఎంత వెలుగు పడుతోందనేది ఒక్కటే.

ఊదా రంగే ఎందుకు అంటే, క్లోరోఫిల్ ఎక్కువగా పీల్చుకునేది నీలం, ఎరుపు కాబట్టి. ఆకుపచ్చ వెలుగు వృథా అని చాలామంది అనుకుంటారు. కానీ 1972లోనే మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త రకరకాల పంటల ఆకులపై కొలిచి, ఆకుపచ్చ వెలుగును కూడా ఆకు బాగానే వాడుకుంటుందని చూపించాడు. తెల్ల ఎల్ఈడీలో నీలం, ఆకుపచ్చ, ఎరుపు మూడూ ఉంటాయి. దాని కింద ఆకు అసలు రంగు కూడా కనిపిస్తుంది. పసుపు తిరిగితే వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క. మొక్కకు పనికొచ్చే వెలుగు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉంటుంది. చదరపు మీటరు మీద సెకనుకు అలాంటి ఫోటాన్లు ఎన్ని పడుతున్నాయో చెప్పేది పీపీఎఫ్‌డీ. దాన్ని మైక్రోమోల్స్‌లో కొలుస్తారు. టమాటా, మిరప నారుకు 200 మైక్రోమోల్స్ చొప్పున 14 గంటలు ఇస్తే రోజుకు 10 మోల్స్ అందుతాయి. నారు దశకు అది సరిపోతుంది. తెల్ల ఎల్ఈడీకి లక్స్‌ని దాదాపు 70తో భాగిస్తే మైక్రోమోల్స్ వస్తాయి. అంటే మనకు కావాల్సింది 14,000 లక్స్.

లక్స్ మీటర్ మీ జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్ స్క్రీన్ పైన ఉండే లైట్ సెన్సర్‌ని చదివే ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి. ఫోన్‌ని ఆకుల ఎత్తులో వెల్లకిలా పెట్టి చూడండి. ల్యాబ్ కొలత కాదు గానీ, మన పనికి చాలు. ఊదా రంగు లైటు కింద మాత్రం ఈ లెక్క పనిచేయదు, ఎందుకంటే లక్స్ అనేది మన కంటి కోసం పెట్టుకున్న కొలత.

నేను కట్టింది ఇంతే: 2 అడుగుల, 10 వాట్ల, 6500 కెల్విన్ బ్యాటన్లు 4. వాటిని తెల్ల పెయింట్ వేసిన ప్లైవుడ్ ముక్కకు పక్కపక్కనే బిగించి, ఎత్తు మార్చుకోవడానికి గొలుసుతో వేలాడదీశాను. కింద 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు ట్రే. ఆకులకు 15 సెంటీమీటర్ల ఎత్తులో పెడితే మధ్యలో 14 వేల లక్స్ పైనే వచ్చింది, మూలల్లో 9 వేలు. చుట్టూ తెల్ల అట్టలు నిలబెట్టాక మూలలు 11 వేలు దాటాయి. ఖర్చు వెయ్యి రూపాయల లోపే. 14 గంటలకు 0.56 యూనిట్, అంటే నెలకు సుమారు 17 యూనిట్ల కరెంటు.

ఒక్క విషయంలో మాత్రం దయచేసి నా మాట వినండి. వెలుగు పెరుగుతుందని బల్బు పైన తెల్ల డోమ్ పీకేయమని కొన్ని వీడియోల్లో చెబుతారు. చేయకండి. చౌక ఎల్ఈడీల్లో చాలావాటికి డ్రైవర్ ఐసోలేటెడ్ కాదు. అంటే లోపలి బోర్డుకీ గోడలోని 230 వోల్టులకీ మధ్య అడ్డు ఉండదు. పక్కనే మనం తడి చేత్తో నీళ్లు చల్లుతుంటాం. పది శాతం వెలుగు కోసం ప్రాణం పణంగా పెట్టకూడదు, ఇంకో బ్యాటన్ కొనుక్కోండి. వైరు సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచండి. నీటి చుక్క జారినా కిందే పడిపోతుంది, సాకెట్‌లోకి పోదు.

స్మార్ట్ ప్లగ్ వాడితే ఇంకో చిక్కు ఉంది. ఒకరోజు నేను ఆఫీసులో ఉండగా కరెంటు పోయి వచ్చింది. ప్లగ్ మాత్రం ఆఫ్‌లోనే ఉండిపోయింది. కరెంటు వచ్చాక ఏ స్థితిలో ఉండాలో యాప్‌లో సెట్ చేసే వీలుంటే ముందే చేసుకోండి.

అన్ని గ్రో లైట్లూ మోసమని నేను అనట్లేదు. నిజమైన వాట్లు, ఏ ఎత్తులో ఎంత పీపీఎఫ్‌డీ అనే మ్యాప్ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. వాటి చిప్‌లు వాట్‌కు ఇచ్చే ఫోటాన్లు కూడా ఎక్కువే. ఇంట్లోనే కాయ కాయించాలంటే అలాంటివే కావాలి, నా బ్యాటన్లు చాలవు. ఇది నాలుగైదు వారాల నారు కోసం మాత్రమే.

పొట్లంలో మిగిలిన 15 గింజలూ దీని కింద పోశాను. 13 మొలిచాయి. అయిదు వారాలకు కాండం పెన్సిల్ మందం అయింది. వారం పాటు రోజూ కాసేపు ఎండ చూపించి, టెర్రస్ మీద కుండీల్లోకి మార్చాను. ఫోటో పంపితే అమ్మమ్మ ఫోన్ చేసి లైటు గురించి ఒక్క ముక్క అడగలేదు. "ఒరేయ్, మొదటి కాపులో మంచి కాయ ఒకటి విత్తనానికి వదిలెయ్" అంది.

మీ ఇంట్లో ఊదా రంగు లైటు ఉంటే ఇవాళ ఒక పని చేయండి. వాట్ మీటర్ పెట్టి చూసి, బాక్స్ మీది నంబర్‌తో పోల్చండి. తర్వాత ఏం కొనాలో మీకే తెలుస్తుంది.