బండి కబుర్లు: ఎత్తు పెంచిన జీపు, ఊగే స్టీరింగు

పోయిన నెల సంచిక అందాక ఒక సోదరి ఉత్తరం రాశారు. కాలేజీలో చదువుతున్న వారబ్బాయి, సెలవుల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో 2008 నాటి జీప్ రాంగ్లరు కొన్నాడు. స్నేహితులను చూసి స్ప్రింగులు మార్పించి బండిని 4 అంగుళాలు పైకెత్తించాడు, పెద్ద టైర్లు వేయించాడు. ఇప్పుడు 50 మైళ్ళ వేగం దాటాక వంతెన అతుకు మీద చక్రం పడితే చాలు, స్టీరింగు చేతిలో నిలవకుండా బండి మొత్తం ఊగిపోతున్నదట. షాపువాళ్ళు కొత్త డాంపరు వేశారు. రెండు నెలలు బాగానే ఉంది. మళ్ళీ మొదలైంది. "వాళ్ళ నాన్నగారు అమ్మెయ్యమంటున్నారు. వాడు అమ్మనంటున్నాడు. మీరేమంటారు?" అని ఆమె ప్రశ్న.

అమ్మకం సంగతి ఇంట్లో మీరూ మీరూ తేల్చుకోండి. బాగుపడేదాకా ఆ బండిని హైవే ఎక్కనివ్వవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఇలాగే అమ్మేస్తే జబ్బు పోదు, ఇంకొకరి బిడ్డ చేతికి పోతుంది. ఈ ఊపుకు ఇక్కడి కుర్రాళ్ళు పెట్టుకున్న పేరు డెత్ వాబుల్. పేరు భయంకరమే గాని కారణాలు మాత్రం చేత్తో పట్టి చూడగలిగినవే.

మన ఊళ్ళలో తిరిగిన పాత జీపులకు కమాను కట్టలుండేవి. బరువు మోసేదీ, ఇరుసును దాని చోట నిలిపేదీ ఆ కట్టే. రాంగ్లరుకు 1995 వరకు అవే. 1997 మోడలు నుంచి చుట్టల స్ప్రింగులు వచ్చాయి. చుట్ట బరువు మోస్తుంది గాని, ఇరుసు ముందుకూ వెనక్కూ పక్కకూ జరగకుండా ఆపలేదు. ఆ పనికి వేరే రాడ్లున్నాయి. ముందు వెనుకలకు నాలుగు కంట్రోలు ఆర్ములు, పక్కలకు అడ్డంగా ఒక ట్రాకు బారు. వీటి పొడవులన్నీ కంపెనీ పెట్టిన ఎత్తుకు లెక్కగట్టినవి. మనం ఎత్తు మార్చి పొడవులు అలాగే వదిలేస్తే లెక్క తప్పుతుంది. తప్పేవి ముఖ్యంగా మూడు.

మొదటిది ట్రాకు బారు. దీని ఒక కొస డ్రైవరు వైపు చట్రానికి, రెండో కొస అవతలి వైపు ఇరుసుకు ఉంటుంది. గోడకు వాల్చిన నిచ్చెనను ఊహించుకోండి. నిచ్చెన నిటారైన కొద్దీ దాని కాళ్ళు గోడ దగ్గరికి వస్తాయి. చట్రం పైకి లేస్తే ఈ బారూ అలాగే నిటారై, ఇరుసును డ్రైవరు వైపుకు లాగుతుంది. 4 అంగుళాల ఎత్తుకు అర అంగుళం పైనే జరగవచ్చు. దీనికి మందు, పొడవు సర్దుకునే వీలున్న ట్రాకు బారు.

రెండోది కాస్టరు. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, పైభాగం వెనక్కి వాలి ఉంటుంది. చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోవడానికి ఆ వాలు ఒక కారణం. జీపు ముందు చక్రాలు తిరిగే కీలుకూ అలాంటి వాలే ఉంటుంది. ఈ మోడలుకు కంపెనీ పెట్టినది సుమారు 4 డిగ్రీలు. ఎత్తు పెంచితే ఇరుసు ముందుకు తిరిగి ఆ వాలు తగ్గిపోతుంది. అప్పుడు మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు, తిన్నని రోడ్డు మీద కూడా బండి అటూ ఇటూ వెతుక్కుంటుంది. పొడవు సర్దుకునే కంట్రోలు ఆర్ములు గాని, ఆర్ముల చట్రం వైపు కొసలను కిందికి దించే బ్రాకెట్లు గాని వేసి వాలును మళ్ళీ తేవాలి. మంచిదే కదా అని మరీ ఎక్కువ పెట్టించకండి. ఇరుసును వెనక్కి తిప్పిన కొద్దీ, షాఫ్టు వచ్చి కలిసే దాని ముక్కు కిందికి వంగి, షాఫ్టు జాయింటు త్వరగా అరుగుతుంది.

మూడోది డ్రాగు లింకు, అంటే స్టీరింగు పెట్టె నుంచి అవతలి చక్రం దాకా పోయే రాడ్డు. ఇదీ ట్రాకు బారూ కాడికి కట్టిన జోడెద్దుల్లా నడవాలి. రెండూ ఒకే వాలులో, ఇంచుమించు ఒకే పొడవులో ఉంటే గుంటలో చక్రం పైకీ కిందికీ ఆడినా స్టీరింగు కదలదు. ఒకదాని వాలు మార్చి రెండోదాన్ని వదిలేస్తే, ప్రతి గుంటకూ బండి తనంతట తానే పక్కకు తిరుగుతుంది. పిట్‌మన్ ఆర్మును మాత్రం కొస కిందికి దిగి ఉండేది వేసి ట్రాకు బారును ముట్టుకోని షాపులు చాలా ఉన్నాయి. బండికి ఎదురుగా నిలబడి వంగి చూడండి. ఈ రెండు రాడ్లూ సమాంతరంగా ఉన్నాయో లేదో కంటికే తెలుస్తుంది.

ఇక ఆ పెద్ద ఊపు సంగతి. కిరాణా దుకాణంలో తోపుడుబండి ముందు చక్రం ఒక్కొక్కప్పుడు టపటపా కొట్టుకోవడం అందరం చూసిందే. ఇక్కడ జరిగేదీ అదే జాతి. కోణాలు తప్పినచోట ఎక్కడో ఒక వదులు తోడైతే, ఒక్క కుదుపుతో మొదలై ఆగదు. డాంపరు ఆ ఊపును కొంతకాలం మింగుతుంది, అంతే. జ్వరం తగ్గే మాత్ర వేసి పుండును వదిలేసినట్టు. రెండు నెలల తర్వాత తిరగబెట్టిందంటే వదులు అలాగే ఉన్నదన్నమాట.

అందుచేత ఈ వరుసలో చూడండి. ముందు టైర్లలో గాలి, బ్యాలెన్సు. తరువాత వదులు. చక్రాలు నేల మీదే ఉంచి, హ్యాండు బ్రేకు వేసి, ఒకరు స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే మరొకరు పక్కనుంచి టార్చిలైటుతో ప్రతి కీలూ చూడాలి. ట్రాకు బారు కొసలో బోల్టు కదులుతున్నదా? బోల్టు రంధ్రం కోడిగుడ్డులా సాగిందా? సాగితే ఎంత బిగించినా లాభం లేదు, బ్రాకెట్టు బాగు చేయించాలి. టై రాడ్డు కొసలు, బాలు జాయింట్లు, బుష్షులు కూడా చూడాలి. రబ్బరు బుష్షులున్న బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే, కంపెనీ పుస్తకంలో చెప్పినంత బిగువుతో బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. బండి కిందికి దూరవలసి వస్తే ఉత్త జాకీని నమ్మవద్దు, స్టాండ్లు పెట్టండి.

వదులు పోయాక అలైన్‌మెంటు. షాపువాడు అచ్చువేసి ఇచ్చే కాగితం అడిగి తీసుకోండి. టో ఒక్కటే సరిచేసి పంపడం మామూలు. మీరు చూడవలసిన అంకె కాస్టరు. చివరగా, తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగు చక్రం కూడా తిన్నగా ఉండాలి. ఈ మోడలులో డ్రాగు లింకు మధ్య గొట్టాన్ని తిప్పి సరిచేయవచ్చు. చూపుకు బాగుండదని కాదు ఈ మాట చెప్పడం. స్టీరింగు వంకరగా ఉంటే బండి జారకుండా కాపాడే యంత్రాంగం మలుపు తిరుగుతున్నారనుకుని, అవసరం లేనిచోట బ్రేకు వేయగలదు. ఇవన్నీ అయ్యాక డాంపరు వేయించుకోండి, అప్పుడు దాని డబ్బు దండుగ కాదు.

దారిలో ఊపు పట్టుకుంటే ఏం చేయాలో ఇంట్లో ఆ బండి నడిపే ప్రతివారికీ ముందే చెప్పి ఉంచండి. స్టీరింగు గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద కాలు తీసి, బ్రేకు మీద ఎగిరి తొక్కకుండా నెమ్మదిగా వేగం తగ్గించి పక్కకు ఆపాలి. ఆగిపోయింది కదా అని మళ్ళీ అదే వేగంతో పోకూడదు.

తండ్రులకు ఒక మాట. పిల్లవాడు బండి ఎత్తు చేయించింది మనమీద కోపంతో కాదు. ఒక ఆదివారం పొద్దున ఆ టార్చిలైటు మీరు పట్టుకోండి, స్టీరింగు వాణ్ణి తిప్పమనండి. కళ్ళతో చూసిన వదులును వాడు కాదనలేడు. అప్పుడు అమ్మాలో బాగు చేయించాలో ఇద్దరూ కలిసే చెప్పుకోగలరు.

వచ్చే నెల: చలికాలం ముందు బ్యాటరీని ఎలా పరీక్షించాలి? మీ ప్రశ్నలు రాయండి, బండి మోడలు సంవత్సరం తప్పక వేయండి.