కేకు వద్దనడం లేదు, క్రీము తగ్గించమంటున్నాం

డిసెంబరు నెల వచ్చిందంటే మా ఓపీ గదిలో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. "డాక్టరుగారూ, పండుగ రోజు ఒక్క ముక్క కేకు తినొచ్చాండీ?" అడిగేది సాధారణంగా షుగరు వ్యాధి ఉన్న ఒక అమ్మమ్మగారో, తాతగారో అయి ఉంటారు. వెనకాల నిలబడ్డ కొడుకో కోడలో "వద్దని గట్టిగా చెప్పండి సార్" అని సైగ చేస్తుంటారు.

వద్దని చెప్పడం తేలికే. కాని ఆ మాట వల్ల ఏం జరుగుతుందో మేము చూస్తూనే ఉన్నాం. ఇంటిల్లిపాదీ తింటుంటే ఆ పెద్దామె ఒక మూల కూర్చుంటుంది. రాత్రి అందరూ పడుకున్నాక ఫ్రిజ్ తలుపు తీస్తుంది. తిన్న సంగతి ఎవరికీ చెప్పదు, మాకు అసలే చెప్పదు. అందుకే మా అభిప్రాయం ఇది: కేకును నిషేధించడం కంటే, ఏ కేకు, ఎంత ముక్క అన్నది ఇంట్లో అందరూ కలిసి తేల్చుకోవడం మేలు. అన్నిటికంటే మేలైనది ఇంట్లో చేసుకున్న తేలికైన స్పాంజి కేకు.

లెక్క చూడండి

నాలుగు కోడిగుడ్లు, 120 గ్రాముల పంచదార, 120 గ్రాముల మైదా. వెన్న లేని స్పాంజి కేకుకు ఇంతే కావాలి. దీన్ని 12 ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో 10 గ్రాముల పంచదార, అంటే సుమారు రెండు టీస్పూన్లు ఉంటుంది. ముక్కకు దాదాపు 100 కేలరీలు.

ఇప్పుడు అదే కేకు పైనా మధ్యలోనా బటర్ క్రీము పూయండి. మామూలుగా ఇంత కేకుకు పావు కిలో వెన్న, అర కిలో ఐసింగ్ షుగర్ వాడతారు. అంటే ముక్కకు మరో 40 గ్రాముల పంచదార, 20 గ్రాముల వెన్న. కేలరీలు 100 నుండి 400 దాటిపోతాయి. చూశారా, బరువంతా కేకులో లేదు, దాని మీది అలంకరణలో ఉంది!

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు కూడా విడిగా కలుపుకునే చక్కెరను రోజుకు 25 గ్రాములకు మించకుండా చూసుకుంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. క్రీము కేకు ఒక్క ముక్కతోనే అది రెట్టింపవుతుంది.

కొవ్వు సంగతి కూడా చెప్పాలి. వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. మన దేశంలో 2022 జనవరి నుండి దీనిని నూనెలు, కొవ్వులలో 2 శాతానికి మించకూడదని నిబంధన ఉంది. ఇది మంచి మార్పే. అయితే ట్రాన్స్ కొవ్వు తగ్గినంత మాత్రాన సంతృప్త కొవ్వు తగ్గినట్టు కాదు. పాలు లేకుండా తయారయ్యే చాలా రకాల క్రీములలో అది ఎక్కువే. డబ్బా మీద రాసినది ఒకసారి చదవండి.

చేసే విధానం

స్పాంజి పొంగేది గాలి వల్ల. గుడ్లూ పంచదారా గిలకొట్టినప్పుడు గుడ్డులోని మాంసకృత్తులు గాలి బుడగలను పట్టి ఉంచుతాయి. వేడికి ఆ గాలి వ్యాకోచిస్తుంది, గుడ్డూ పిండీ గట్టిపడి ఆ ఆకారాన్ని నిలబెడతాయి. ఈ సంగతి గుర్తుంటే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

గుడ్లు ఒక్కొక్కటీ చిన్న గిన్నెలో పగలగొట్టి, మంచిదని చూసుకుని పెద్ద గిన్నెలో వేయండి. గిన్నెకు నూనె జిడ్డు ఉండకూడదు, ఉంటే నురుగు సరిగా రాదు. పంచదార వేసి, గిన్నెను వేడి నీళ్ల మీద ఉంచి గోరువెచ్చగా అయ్యేదాకా గిలకొట్టండి. దించిన తరువాత కూడా గిలకొడుతూనే ఉండాలి. మిక్సరుతో 8 నుండి 10 నిమిషాలు, చేత్తో అయితే దానికి రెట్టింపు. మిశ్రమం లేత పసుపుకు తిరిగి, గరిట ఎత్తితే రిబ్బనులా జారి కాసేపు పైన నిలవాలి. అప్పుడు రెండుసార్లు జల్లించిన మైదాను మూడు దఫాలుగా చల్లుతూ, అడుగు నుండి పైకి నెమ్మదిగా కలపండి. ఇక్కడ తొందరపడితే పట్టిన గాలంతా పోతుంది. వాసనకు కొంచెం యాలకుల పొడి చాలు.

కాగితం పరచిన గిన్నెలో పోసి, ముందే వేడిచేసిన ఓవెనులో 180 డిగ్రీల వద్ద 25 నిమిషాలు ఉంచండి. ఓవెను లేనివారు మందపాటి పాత గిన్నెలో ఇసుక పోసి, స్టాండు పెట్టి, మూత వేసి 10 నిమిషాలు వేడి చేయండి. తరువాత కేకు గిన్నె లోపల పెట్టి, సన్న మంట మీద 35 నుండి 40 నిమిషాలు ఉంచండి. కుక్కరు వాడితే గాస్కెట్, వెయిట్ రెండూ తప్పకుండా తీసివేయాలి. పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి.

మేము మొదటిసారి చేసినప్పుడు పది నిమిషాలకే ఆత్రంగా మూత తీసి చూశాం. కేకు మధ్యలో గుంటపడి అట్టులా అయింది. సగం సమయం దాటేవరకు మూత ముట్టుకోకండి.

ఇందులో బేకింగ్ పౌడరు అవసరం లేదు. చాలా రకాల బేకింగ్ పౌడర్లలో సోడియం, ఫాస్ఫేటు ఉంటాయి గనుక కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇది ఒక లాభం.

అలంకరణ అందంగా, తేలికగా

కాగితం మీద ముగ్గు గీసి, గీతలు కత్తిరించండి. చల్లారిన కేకు మీద ఆ కాగితం పరచి, ఒక చెంచా పంచదార పొడిని జల్లెడతో జల్లి, కాగితం నెమ్మదిగా ఎత్తండి. తెల్లని ముగ్గు కేకు మీద నిలుస్తుంది. ఈ పని పిల్లలకు అప్పగించండి, ఎంత సంతోషిస్తారో! మధ్యలో పూయడానికి గుడ్డలో కట్టి నీరు వార్చిన గట్టి పెరుగు బాగుంటుంది. పైన దానిమ్మ గింజలు, కమలా తొనలు పేర్చవచ్చు. పొటాషియం తగ్గించమని చెప్పిన కిడ్నీ రోగులు మాత్రం పండ్ల విషయంలో డాక్టరును అడగండి.

కొన్ని జాగ్రత్తలు. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో గట్టి చక్కెర గుండ్లు, పలుకులు, కోయని ద్రాక్షపండ్లు పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. ఏడాది నిండని బిడ్డకు తేనె ఇవ్వరాదు. పూలు పెట్టే అలవాటు ఉంటే గన్నేరు పూలు దగ్గరకు కూడా రానివ్వకండి, అవి విషం. పచ్చి గుడ్డు తెల్లసొనతో చేసే ఐసింగ్ గర్భిణులకు, వృద్ధులకు, క్యాన్సరు మందులు వాడేవారికి పెట్టకూడదు.

మరొక మాట గట్టిగానే చెబుతున్నాం. కొవ్వొత్తులు వెలుగుతుండగా స్నో స్ప్రే కొట్టకండి. చాలా వాటిలో మండే వాయువు ఉంటుంది, ముఖం మీద మంట లేస్తుంది. ఒకవేళ కాలితే కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు ధారగా పోయండి. టూత్‌పేస్టు, సిరా, ఐసు పెట్టకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

కొందరి అభ్యంతరాలు

"బెల్లం, గోధుమపిండి వేస్తే షుగరువాళ్లు ఎంతైనా తినొచ్చు కదా?" అని అడుగుతారు. తినకూడదు. బెల్లం కూడా చక్కెరే. సగం గోధుమపిండి కలిపితే కొంచెం పీచు వస్తుంది, అంతవరకే.

"అంత తీరిక ఎక్కడిది? బేకరీలో కొంటే పోతుంది" అనేవారూ ఉన్నారు. బేకరీ వారి జీవనోపాధికి మేము వ్యతిరేకం కాదు. కొనేటప్పుడు క్రీము లేనిది అడగండి. అడిగేవారు పెరిగితే వారే చేసి పెడతారు.

ఇక ఆ అమ్మమ్మగారి ప్రశ్నకు మా జవాబు. షుగరు అదుపులో ఉంటే, క్రీము లేని చిన్న ముక్క ఒకటి తినండమ్మా. ఖాళీ కడుపున కాదు, భోజనంతో పాటు తినండి, ఆ పూట అన్నం కొంచెం తగ్గించుకోండి. మందులు, ఇన్సులిన్ మానకండి. షుగరు బాగా పెరిగి ఉంటే ముందు మాకు చూపించండి. అబ్బాయిగారికి, కోడలుగారికి మా మనవి ఏమిటంటే, ఆ ముక్క మీ చేతితో కోసి, మీ పక్కన కూర్చోబెట్టుకుని పెట్టండి. దొంగచాటుగా తినే రెండు ముక్కల కంటే, మీ ఎదుట సంతోషంగా తినే ఒక్క ముక్క ఆమెకు ఎన్నో రెట్లు క్షేమం.