పక్కనుండే మనిషి కూలి

"ఏం పని చేస్తావమ్మా?" అని కోర్టులో అడిగారు. "ఏం ల్యా సామీ, ఇంటికాడనే ఉంటా" అంది మా చిన్నమ్మ. వారం రోజులుగా లాయరుగారు నేర్పిందంతా ఆ ఒక్క మాటతో పోయింది.

ఇంటికాడ ఉన్నదెప్పుడు ఆమె? కోసిగిలో ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో సుగ్గికి పోవడం తెలియని కూలి కుటుంబాలు తక్కువ. పత్తి తీయడానికి తెలంగాణకూ కర్ణాటకకూ, మిరపకాయ కోతకు గుంటూరు వైపుకూ పోతారు. కోసింది కిలోల్లో తూచి కూలి కట్టేవాళ్లు. ఆలుమగలు కోసిందంతా మేస్త్రీ పుస్తకంలో చిన్నాయన పేరు మీదే ఎక్కేది. కాబట్టి కాగితం ప్రకారం ఆమె ఒక్క మిరపకాయ కూడా కోయలేదు. 2011లో సంక్రాంతి దాటాక అలా పోతుంటేనే బొలేరో బోల్తా పడింది. నడుము విరిగింది. కాళ్లలో చలనం మళ్లీ రాలేదు. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు.

సంపాదన లేదన్న మనిషికి చట్టంలో సిద్ధంగా ఒక ధర ఉండేది. 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన రెండో షెడ్యూలు ప్రకారం సంపాదన లేనివాళ్లకు ఏడాదికి 15,000 రూపాయలు. భార్య అయితే మొగుడి సంపాదనలో మూడో వంతు. అంటే కూలివాడి పెళ్లాం తోమిన గిన్నె కంటే ఆఫీసరు పెళ్లాం తోమిన గిన్నె ఖరీదైనదన్నమాట! 2001 జనాభా లెక్కలు ఇంటిపని చేసే ఆడవాళ్లను బిచ్చగాళ్లతో, ఖైదీలతో కలిపి ఉత్పత్తి చేయనివాళ్ల జాబితాలో పెట్టాయని 2010లో సుప్రీంకోర్టే ఎత్తిచూపింది. ఆ షెడ్యూలు 2022 ఏప్రిల్లో పోయింది. అంతకు ముందే, 2021లో, జస్టిస్ ఎన్.వి. రమణ ఒక తీర్పులో ఇంటిచాకిరీకి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఇస్తున్నారన్న 2019 సర్వే లెక్కను ఉదహరించి, ఇల్లాలి శ్రమకు విలువ కట్టడం ముఖ్యమన్నారు. మనమంతా సంతోషించాం. వ్యాసాలు రాసుకున్నాం. నేనూ రాశాను.

కానీ ఆ కేసు చనిపోయిన ఇల్లాలిది. చావకుండా మంచాన పడ్డ ఆడమనిషి పక్కన ఇంకొక ఆడమనిషి ఉంటుంది. ఆమెను గురించి నేనూ రాయలేదు.

మా చిన్నమ్మ పక్కన ఉన్నది ఆమె కూతురు. అప్పుడు తొమ్మిదో తరగతి. ఇద్దరు కొడుకులున్నారు, వాళ్ల చదువు ఆగలేదు, ఆపాలని ఎవరికీ తోచలేదు. పుళ్లు పడకుండా రాత్రి రెండు గంటలకోసారి తల్లిని పక్కకు తిప్పడం, మూత్రం గొట్టం చూసుకోవడం, దొడ్డికి పోయించడం, గుడ్డలుతకడం, వండి తినిపించడం. మొదటి రెండేళ్లు ఆ పిల్ల పూర్తిగా నిద్రపోయిన రాత్రి లేదు. ఇప్పుడు ముప్పై దగ్గరపడింది. పెళ్లి మాట ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తితే అమ్మను ఎవరు చూస్తారు?

2015లో వచ్చిన అవార్డులో ఈ చాకిరీ ఒక్క పద్దు: అటెండెంట్ చార్జీలు, 20,000 రూపాయలు. మొత్తం జీవితానికి! అదీ ఆసుపత్రిలో ఉన్న రోజులకని రాశారు. ఇంటికి తెచ్చాక చేసేది కూతురి ప్రేమ కిందికి వస్తుంది కాబోలు.

ఆ 20,000 కూడా చేతికి రాలేదు. సరుకుల బండిలో ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత లేదని 2002 నుంచీ సుప్రీంకోర్టు మాట. కంపెనీ తప్పుకుంది, బండి ఓనరు కట్టాలన్నారు. అతని బండే ఫైనాన్సులో పోయింది. సుగ్గికి పోయేవాళ్లు మూటలతో, పిల్లలతో, వంటపాత్రలతో సరుకుల బండి కాక ఏమెక్కుతారు? హైదరాబాదులో వేసిన అప్పీలు 2019లో హైకోర్టుతో పాటే అమరావతికి పోయింది. కోసిగి నుంచి అమరావతి ఎంత దూరమో పటం చూడండి.

ఈ సంగతి ఒక సమావేశంలో చెప్తే, స్త్రీల సమస్యల మీద చాలాకాలంగా పనిచేస్తున్న మిత్రురాలే అడ్డు తగిలారు. "కన్నతల్లికి చేసిన సేవకు కూలి అడగమంటారా? అనుబంధాలను కూడా మార్కెట్లో పెడదామా?" అన్నారు. ఆమె మీద గౌరవం ఉంది. ఆ మాటను మాత్రం ఒప్పుకోలేను. అనుబంధం పేరుతో ఆ శ్రమను ఉచితంగా వాడుకుంటున్నదెవరు? తల్లి కాదు. బండి నడిపినవాడు, బీమా కంపెనీ, ప్రమాద నష్టాన్ని లెక్కగట్టే ఆ పద్ధతీ! నర్సును పెట్టుకుని బిల్లు చూపిస్తే ఇచ్చే డబ్బు, కూతురు చేస్తే ఇవ్వరు. ఆ పిల్ల చదువు మానేసి మిగిల్చిన డబ్బు ఎవరి జేబులో ఉంది? ఆ కొడుకుల్లో ఒకడు పని మానుకుని పక్కన కూర్చుని ఉంటే, అతని కూలి నష్టమని పిటిషన్లో మొదటి పేజీలోనే ఉండేది.

దారి లేదని కాదు. పన్నెండేళ్లప్పుడు ప్రమాదంలో మెదడు దెబ్బతిని, పూర్తిగా పరాధీనమైన ఒక అమ్మాయి కేసులో 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జీవితాంతం ఇద్దరు సహాయకులు కావాలంది. ఒక్కొక్కరికి నెలకు 5,000 చొప్పున, 18 గుణకంతో 21,60,000 రూపాయలు ఇచ్చింది. ఆ లెక్కే మా చిన్నమ్మ వయసుకు వర్తించే 15 గుణకంతో వేస్తే 18 లక్షలు. ఆమెకు రాసింది 20 వేలు. ఆ తీర్పునూ నెత్తిన పెట్టుకోలేను. రోజుకు పన్నెండు గంటలకు నెలకు ఐదు వేలంటే గంటకు 14 రూపాయలు కూడా పడదు. అందులోనే పెళ్లి అవకాశాలు పోయినందుకు మూడు లక్షలు వేరే పద్దు. దెబ్బ తగిలిన పిల్లకు పెళ్లి కాకపోవడం నష్టమని చట్టానికి తెలుసు. ఆ పిల్లనో, ఆ తల్లినో చూసుకుంటూ ఉండిపోయిన ఆడదానికి చదువూ పెళ్లీ కూలీ అన్నీ పోతే అది ఏ పద్దులోకీ రాదు.

నేనడిగేది ఇది. పక్కనుండే మనిషి పేరు, వయసు, చేసే గంటలు, మానుకున్న పని, ఆగిన చదువు పిటిషన్లో ఉండాలి. ఆ పద్దు కింద వచ్చే డబ్బు ఆమె పేరున బ్యాంకులో పడాలి, ఇంటి పెద్ద పేరున కాదు.

పోయినేడు మా పక్క ఊరామె కేసు వేస్తుంటే ఆ నాలుగు వాక్యాలు రాసి లాయరుకిచ్చాను. ఆమెను చూసుకునేది కోడలు, ఇరవై రెండేళ్లు, పత్తి తీతకు పోయేది. "జడ్జిగారు నవ్వుతారు మేడమ్" అన్నాడాయన. నవ్వనివ్వండి, రికార్డులోకి ఎక్కుతుంది కదా అన్నాను. చేర్చాడు. "కోడలిని కూడా సాక్షిగా పిలవాలి, ఏం పని చేస్తావంటే ఏం చెప్తుందో చూసుకోండి" అన్నాడు. ఆ పిల్లతో రోజూ సాయంత్రం కూర్చుంటున్నాను. వాయిదా ఇంకా పడలేదు.