32.1 ఎవరికి కనిపిస్తోంది?

ఈసారి కొంచెం కోపంగా రాస్తున్నాను. కొత్త మాటలు వస్తే అక్కడే అర్థం చెప్తాను.

"ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్" గురించి వ్యాపారం వాళ్ళు ఎప్పుడు చెప్పినా ఒక మాట వస్తుంది: ఇకమీద వస్తువులు మాట్లాడతాయి. పంపు మాట్లాడుతుంది, వాల్వ్ మాట్లాడుతుంది, ట్రక్కు మాట్లాడుతుంది. మనం తెలుగు నేర్చుకునేవాళ్ళం కాబట్టి వెంటనే అడగాలి: ఎవరితో? "తో" చెప్పకపోతే ఆ వాక్యం సగమే.

ఆ పేరు పుట్టిందే వ్యాపారంలో. 1999లో కెవిన్ ఆష్టన్ అనే ఆయన ఒక పెద్ద సబ్బుల కంపెనీలో పని చేస్తూ, సరుకు ఎక్కడుందో కంపెనీకి దానంతట అదే తెలియాలని ఆ పేరు వాడాడు. సరుకు చెప్తుంది, కంపెనీ వింటుంది. ఇప్పటికీ ఎక్కువగా అంతే.

మెసయీద్ దోహాకి దక్షిణంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. పాత పేరు ఉమ్ సయీద్. ఎరువులు, ఉక్కు, పెట్రోకెమికల్, అల్యూమినియం ఫ్యాక్టరీలన్నీ సముద్రం పక్కన వరసగా ఉంటాయి. ఇలాంటి చోట సెన్సర్ల వల్ల లాభం లేదని నేను అనను. పంపులో బేరింగ్ అరిగితే, అది విరగకముందే దాని అదురు మారుతుంది. (అదురు అంటే వణుకు. చెయ్యి పెడితే తెలిసేది.) సెన్సర్ ఆ మార్పుని పట్టుకుంటే కొత్త బేరింగ్ ముందే తెప్పించుకోవచ్చు, ప్లాంట్ ఆగదు. మంచిదే. పంపుకి ఆ మర్యాద దొరుకుతోంది.

మరి పంపు పక్కన ఉన్న మనిషికి?

ఖతర్‌లో 2021 నుంచి ఒక నియమం ఉంది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు, పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఎండలో పని చేయించకూడదు. అది అందరికీ తెలుసు, గడియారం చూస్తే చాలు. రెండో భాగం తక్కువమందికి తెలుసు. ఏ సమయమైనా సరే, పని చేసే చోట "వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్" 32.1 డిగ్రీలు దాటితే పని ఆపాలి.

ఇది మామూలు టెంపరేచర్ కాదు. ఒక థర్మామీటర్‌కి తడి గుడ్డ చుడతారు, ఒకటి నల్లటి గోళంలో పెడతారు, ఒకటి మామూలుగా ఉంటుంది. మూడూ కలిపి లెక్క కడతారు. అందులో తడి గుడ్డ వాటా 70 శాతం. ఎందుకంటే గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. తెలుగులో దీనికి ఎప్పటినుంచో ఒక మాట ఉంది: ఉక్కపోత. ఇంగ్లీషులో అంత పెద్ద పేరు, మనకి ఒక్క మాట! సెప్టెంబర్‌లో ఎండ కొంచెం తగ్గినా సముద్రం మీది తేమ వల్ల ఉక్కపోత తగ్గదు. అందుకే గడియారం చాలదు, మీటర్ కావాలి.

అయితే ఆ మీటర్ ఎవరితో మాట్లాడుతుంది? సేఫ్టీ ఆఫీసర్ స్క్రీన్‌తో. ఏసీ గదిలో ఉన్న మనిషితో. స్కఫోల్డింగ్ మీద ఉన్న కరీంనగర్ అన్నకో, కోనసీమ బాబాయికో 31 వచ్చిందా, 33 వచ్చిందా ఎలా తెలుస్తుంది? వేడి వల్ల తన ఆరోగ్యానికి ప్రమాదం అనిపిస్తే పని ఆపే హక్కు ఆ నియమంలోనే ఉంది. కానీ అంకె చూపించకుండా హక్కు ఇస్తే దాన్ని వాడుకునేది ఎట్లా? ఫోర్‌మన్‌తో "నాకు ఉక్కగా ఉంది" అంటే బద్ధకం అంటాడు. "32.5 ఉంది సార్" అంటే ఏం అంటాడు?

విశాఖపట్నం గుర్తు చేసుకోండి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ట్యాంకు నుంచి ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు. ప్రభుత్వ కమిటీ తర్వాత ఏం చెప్పింది? వేడి కొలిచే పరికరం ట్యాంకు అడుగునే ఉంది, పైభాగంలో లేదు. సైరన్ ఉంది, ఎవరూ మోగించలేదు. అంటే పరికరం తప్పు చోట ఉంది, హెచ్చరిక జనానికి చేరలేదు. ఇంకో వెయ్యి సెన్సర్లు ఆఫీసుకి కలిపినా ఆ రెండో సమస్య పోదు.

"యాప్ చేస్తే సరిపోతుంది కదా" అనేవాళ్ళున్నారు. గ్యాస్ ఉండే చోటికి మామూలు ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, నిప్పురవ్వ భయం. "అన్నీ బయటికి కలిపితే హ్యాకర్లు వస్తారు" అనే మాటలో నిజముంది. 2017లో సౌదీలో ఒక పెట్రోకెమికల్ ప్లాంట్ భద్రత వ్యవస్థలోకే ట్రైటన్ అనే వైరస్ దూరింది. కానీ నేను అడిగేది ఒక బోర్డు. మీటర్ నుంచి ఒక వైరు, పెద్ద అంకెలు. దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు! చేతికి కట్టే బ్యాండ్లు అమ్మేవాళ్ళకి ఈ బోర్డు నచ్చదు. బ్యాండ్‌తో మనిషి గుండె వేగం కూడా కంపెనీకి తెలుస్తుంది. ఆ వేగం చూసి "వీడు ఎండకి పనికిరాడు" అని ఇంటికి పంపితే అడిగేవాడెవడు? బోర్డు మాత్రం ఎండని కొలుస్తుంది, మనిషిని కాదు.

బోర్డు కింద అరబిక్, ఇంగ్లీష్, హిందీ, నేపాలీ, బెంగాలీ, తెలుగు ఉండాలి. తెలుగు వాక్యం మనమే రాద్దాం. నేను రాసింది: "32.1 దాటితే పని ఆపాలి." ఒక స్నేహితుడు "ఆపవచ్చు" అంటే మర్యాదగా ఉంటుందన్నాడు. నేను ఒప్పుకోను. "ఆపవచ్చు" అంటే ఇష్టమైతే ఆపండి అని. నియమం అలా చెప్పలేదు. "ఆపాలి"లో ఉన్న "ఆలి" ఫోర్‌మన్‌కి కూడా వర్తిస్తుంది. ఇంతకన్నా మంచి వాక్యం ఉంటే కింద రాయండి, కానీ "వచ్చు" మాత్రం వద్దు.