ఆర్కైవ్ లాగులు చెత్త కాదు బాబూ!

అర్ధరాత్రి రెండింటికి ఫోను. "అన్నా, డేటాబేసు హ్యాంగయింది, ఓరా-00257 అంటోంది, పాత ఆర్కైవ్‌లన్నీ ఆర్ఎం కొట్టేశా, అయినా కదలట్లేదు!"

ఎలా కదుల్తుంది? రికవరీ ఏరియాలో ఎంత వాడామన్న లెక్క ఒరాకిల్ కంట్రోల్ ఫైల్లో రాసుకుంటుంది. మీరు బయట్నించి లేపేసిన సంగతి దానికి తెలీదు. ఆర్‌మ్యాన్‌లో క్రాస్‌చెక్ చేసి, ఎక్స్‌పైర్డ్‌వి డిలీట్ చేస్తేగానీ ఆ లెక్క దిగదు. డిస్కులో 200 జీబీ ఖాళీగా ఉన్నా సరే, డీబీ రికవరీ ఫైల్ డెస్ట్ సైజు 20 జీబీ అని పెడితే 20 దగ్గరే ఆగుతుంది. ఆ రాత్రికి ఆల్టర్ సిస్టమ్‌తో అది పెంచుంటే సరిపోయేది, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు.

ఇంకొందరు మహానుభావులుంటారు, ఏకంగా నోఆర్కైవ్‌లాగ్ మోడ్‌లో పెట్టేసి హాయిగా పడుకుంటారు!

అయ్యా, ఆదివారం బ్యాకప్ తీశారు, గురువారం డిస్కు పోయింది. మధ్యలో జరిగినవన్నీ మళ్ళీ ఎక్కించేవి ఈ లాగులే. వరసలో ఒక్కటి లేకపోయినా రికవరీ అక్కడితో ఆగిపోతుంది. మా పాత ప్రాజెక్టులో అదే జరిగింది. క్లయింటు గుమాస్తాలు మూడ్రోజుల బిల్లులు కాగితాలు చూసి మళ్ళీ టైపు చేశారు.

నా కోపం ఆర్ఎం కొట్టిన కుర్రాడి మీద కాదు లెండి. వాడికెవరూ చెప్పలేదు. అంతకు రెణ్ణెల్ల ముందే నేను డిస్కు అడిగితే బడ్జెట్ లేదన్నాడు మా మేనేజరు. ఆ టైపింగు ఓవర్‌టైముకి మాత్రం మారుమాట్లాడకుండా సంతకం పెట్టాడు.